తండ్రి గడి, ముప్పై రోజుల గడువు

"అన్నా, కోర్టు నుంచి ఏదో కాగితం వచ్చింది. ఏం రాసిన్రో జర సూడు" అంటూ ఆమె నా ముందు పెట్టిన కట్టలో 42 పుటలున్నాయి. అన్నీ ఇంగ్లిషులోనే. గచ్చిబౌలి పక్కనున్న సిద్దిక్‌నగర్‌లో సాయంత్రాలు బస్తీ పిల్లలకు చదువు చెప్పే గది అది. కిటికీలోంచి చూస్తే ఐటీ కంపెనీల అద్దాల మేడలు కనిపిస్తాయి. వాటిలో ఒకదానిలో ఆమె కాంట్రాక్టరు కింద హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. పాలమూరు నుంచి బతకడానికి వచ్చిన మాదిగ ఇంటి ఆడబిడ్డ. ఆమె కొడుకు నా దగ్గరే చదువుకుంటున్నాడు. వాడికి ఆరేళ్లు.

కాగితాలు పంపినవాడు ఒకప్పుడు ఆ భవనంలోనే సూపర్‌వైజరు. ఇప్పుడు మరో సంస్థలో పెద్ద హోదాలో ఉన్నాడు. ఊళ్లో భూములున్న కులం వాడు. ఇదే బస్తీలో రెండేళ్లు ఆమెతో ఒకే గదిలో కాపురమున్నాడు. బిడ్డ పుట్టిన ఏడాదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతడు ఆమెకు రాసిన మొదటి ఉత్తరం ఈ పిటిషనే అనుకోవాలి. అందులో మూడు కోరికలున్నాయి. ఆ బిడ్డకు తాను తండ్రిని కానని కోర్టు ప్రకటించాలి. బడి రికార్డులో తండ్రి గడిలో ఉన్న తన పేరును కొట్టివేయించాలి. ఆమె ఇకముందు ఎక్కడా తన పేరు వాడకుండా శాశ్వత నిషేధం విధించాలి. ఇంతేనా అంటే కాదు. ప్రతివాది షెడ్యూల్డు కులపు స్త్రీ గనుక అట్రాసిటీ కేసు పెడతానని బెదిరించి డబ్బు గుంజాలని చూస్తోందని తొమ్మిదో పేరాలో రాశాడు. ఆమెతో తనకు పరిచయమే లేదని నాలుగో పేరాలో అన్న మనిషికి, తొమ్మిదో పేరాకు వచ్చేసరికి ఆమె కులం తెలిసిపోయింది.

"ఇది ఎప్పుడొచ్చింది చెల్లె?" అని అడిగాను.

"పందొమ్మిది రోజులైంది అన్నా. బీరువా మీద పెట్టిన. మా మేస్త్రీని అడిగితే, ఏం కాదు పట్టించుకోకు అన్నడు."

నేను న్యాయవాదిని కాను. నా వృత్తి బోధన. అయినా ఆ రాత్రి ఆ 42 పుటలు చదివి, మర్నాడు తెలిసిన వకీళ్లను ఇద్దరిని అడిగి, చట్టాల పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నాక నాకొక సంగతి అర్థమైంది. పితృత్వ వివాదం అనగానే మన కళ్ల ముందు డీఎన్ఏ పరీక్ష మెదులుతుంది. రక్తం నిజం చెబుతుందనీ, ఆ నిజం ముందు కులం, డబ్బు తలవంచుతాయనీ అనుకుంటాం. ఆ రక్తం సీసాలోకి చేరాలంటే ముందు ఒక కాగితం రాయాలి. దాన్ని కౌంటర్ అంటారు. ఆ కౌంటర్ రాయగలిగిన శక్తి ఈ సమాజంలో కులాన్ని బట్టే పంపకమై ఉంది. ఈ వ్యాసం ఆ కాగితం గురించి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరు ప్రకారం సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది లిఖితపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. కారణం చూపితే కోర్టు దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ గడువు కన్నా ప్రమాదకరమైన నియమం అదే ఆర్డరులో ఐదోదిగా ఉంది. పిటిషన్‌లోని ఏ ఆరోపణనైనా స్పష్టంగా, విడిగా ఖండించకపోతే దాన్ని ఒప్పుకున్నట్టే భావించవచ్చు. అసలు జవాబే రాకపోతే పిటిషన్‌లోని సంగతుల ఆధారంగానే కోర్టు తీర్పు చెప్పవచ్చు. జడ్జి గారికి విచక్షణ ఉన్న మాట నిజమే, రుజువులు చూపమని వాదిని అడగవచ్చు. కాని ఆ విచక్షణను నమ్ముకొని బీరువా మీద కాగితం పెట్టుకోగలమా? తొమ్మిదో పేరాకు ఆమె బదులివ్వకపోతే, ఒక దళిత స్త్రీ అట్రాసిటీ చట్టాన్ని అడ్డం పెట్టుకొని డబ్బు గుంజబోయిందన్న మాట కోర్టు రికార్డులో ఖండన లేకుండా నిలిచిపోతుంది. రేపు ఆమె నిజంగా పోలీసు స్టేషను మెట్లెక్కితే ఆ రికార్డే ముందు వచ్చి నిలబడుతుంది. ఇలాంటి పేరాను రాసేవాడు తెలిసే రాస్తాడు.

ఇంగ్లిషు రానివాళ్లకు మౌనమే దిక్కు. ఆ మౌనాన్ని చట్టం అంగీకారం కింద జమకట్టగలదు. ఈ దేశంలో తరతరాలుగా నోరెత్తనివ్వని కులాలకు ఈ లెక్క కొత్తది కాదు.

అదే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 137వ సెక్షను ఉంది. కోర్టులో రాతపూర్వకంగా జరిగేది ఇంగ్లిషులో ఉండవచ్చు, అయితే ఆ భాష రాని కక్షిదారు కోరితే కోర్టు భాషలోకి అనువాదం ఇప్పించాలి అని దాని మూడో ఉపవిభాగం చెబుతోంది. కోరితే! అలా కోరవచ్చునని తెలియాలంటే ఇంగ్లిషులో ఉన్న ఆ చట్టాన్ని చదివి ఉండాలి. ఈ వలయంలో ఎవరు చిక్కుకుంటారో చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. తెలుగు రాష్ట్రాలు రెండయ్యాయి. తెలుగు తల్లి కొడుకు ఎవరి బిడ్డో తేల్చే కాగితం మాత్రం ఇప్పటికీ ఇంగ్లిషులోనే వస్తోంది.

1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం చేసినప్పుడు పార్లమెంటు ఉద్దేశం మంచిదే. 13వ సెక్షను ప్రకారం ఈ కోర్టుల్లో వకీలును పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదు. అవసరమని తోస్తే కోర్టే ఒక న్యాయ నిపుణుణ్ణి సహాయకుడిగా పిలవవచ్చు. 14వ సెక్షను సాక్ష్య నిబంధనలను సడలించింది. భార్యాభర్తలు, తల్లీపిల్లలు నల్లకోట్ల మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా జడ్జి ముందు తమ బాధ చెప్పుకోవాలన్నది ఆలోచన. కాగితం మీద ఇది సమానత్వం. ఆచరణలో ఏమైంది? డబ్బున్నవాడు అనుమతి పిటిషను వేసి వకాల్తా దాఖలు చేస్తాడు. అతడి మాటలు నిపుణుడైన వకీలు చేతిలో పేరాలుగా మారి వస్తాయి. లేనివాళ్లు ఒంటరిగా నిలబడతారు. పిలుపులో తమ పేరును ఇంగ్లిషు యాసలో విని, అది తమదేనో కాదో తేల్చుకోలేక గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్లను నేను చూశాను. వకీలు లేకపోవడం ఒకరికి వెసులుబాటు, మరొకరికి గండం.

మరి ఉచిత న్యాయ సహాయం లేదా? ఉంది. రాజ్యాంగంలో 39ఎ అధికరణం 1976 నుంచి ఉంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987లో చేశారు, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం 12వ సెక్షను కింద షెడ్యూల్డు కులాల, తెగల వారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. కోర్టు ఫీజు, కాగితాల తయారీ, అనువాదం కూడా ఆ సహాయంలో భాగమే. ఈ తల్లీబిడ్డలకు ఆ హక్కు మూడు రకాలుగా ఉంది. కులం వల్ల ఒకటి, స్త్రీ గనుక ఒకటి, పసివాడు గనుక ఒకటి. ఇన్ని హక్కులున్న ఆమెకు వచ్చిన సమన్లలో వాటి ఊసు ఒక్క ముక్క లేదు. స్వయంగా గాని, వకీలు ద్వారా గాని హాజరు కావాలని మాత్రం ఉంది. 15100 అనే టోల్‌ఫ్రీ నంబరు ఉన్నట్టు ఆమెకు నేను చెప్పాకే తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ అంతకు రెండు రోజుల ముందే తెలిసింది.

నేర విచారణలో పరిస్థితి కొంత వేరు. నిందితుడికి ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉందని చెప్పాల్సిన బాధ్యత న్యాయమూర్తిదేనని సుప్రీంకోర్టు 1981లో ఖత్రీ కేసులో తేల్చింది. అడగనంత మాత్రాన ఆ హక్కు పోదని 1986లో సుక్‌దాస్ కేసులో చెప్పింది. దొంగతనం ఆరోపణ మీద పట్టుబడినవాడికి ఇవ్వాల్సిన ఆ సమాచారం, బిడ్డ పుట్టుకకు జవాబు చెప్పుకోవాల్సిన తల్లికి మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇక్కడ జైలు లేదు, కాబట్టి ప్రమాదమూ లేదని అనుకుంటారు కాబోలు.

ఇక రక్తం సంగతి. పితృత్వ నిర్ధారణ శాస్త్రానికి ఈ దేశంలో పుట్టిల్లు హైదరాబాదే. తార్నాక దాటాక హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీలో లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. కేరళలోని తలశ్శేరి కోర్టులో 1989లో ఒక తల్లి తన బిడ్డ మనోవర్తి కోసం వేసిన కేసులో ఆ పద్ధతి మొదటిసారి సాక్ష్యంగా నిలిచింది. నమూనాలు ఇక్కడికే వచ్చాయి. లాల్జీ సింగ్ వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఇరవై ఏళ్లు దాటాక, ఒకప్పుడు ఇదే నగరంలోని రాజ్‌భవన్‌లో గవర్నరుగా ఉన్న నారాయణ్ దత్ తివారీ రక్త నమూనా కూడా హైదరాబాదులోని సీడీఎఫ్‌డీకి వచ్చింది. తాను ఆయన కొడుకునని రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశారు. నమూనా ఇవ్వకుండా ఉండటానికి తివారీ చేయని ప్రయత్నం లేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. చివరికి 2012 మే నెలలో డెహ్రాడూన్‌లో ఆయన ఇంట్లోనే రక్తం తీశారు. జులైలో నివేదిక తెరిచారు. ఆయనే తండ్రి. ఆ నాలుగేళ్ల పోరాటం చేయడానికి రోహిత్ శేఖర్‌కు చదువు, అండగా నిలిచిన తల్లి, పెద్ద వకీళ్లు ఉన్నారు. ఎదుటివాడు బ్రాహ్మణుడు, మాజీ ముఖ్యమంత్రి, గవర్నరు అయినా రక్తం సీసాలోకి దిగింది. నా ముందు కూర్చున్న తల్లి దగ్గర పైన చెప్పినవాటిలో ఏదీ లేదు.

చట్టం ఈ పరీక్షను అంత తేలిగ్గా అనుమతించదు. దానికొక కారణముంది, అది తెలుసుకోకుండా కౌంటర్ రాస్తే తప్పులో కాలేసినట్టే. 1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షను ఉండేది. 2024 జులై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమంలో 116వ సెక్షను అయింది. చెల్లుబాటయ్యే వివాహంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని అది తిరుగులేని రుజువుగా తీసుకుంటుంది. ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని నిరూపిస్తే తప్ప ఆ భావన చెదరదు. 1993లో గౌతమ్ కుండూ కేసులో, అడిగిందే తడవుగా రక్త పరీక్షకు ఆదేశించకూడదని సుప్రీంకోర్టు అన్నది. 2023లో అపర్ణా ఫిరోదియా కేసులో, భార్య వ్యభిచారాన్ని నిరూపించడానికి బిడ్డ రక్తాన్ని ఆయుధంగా వాడనివ్వబోమని చెప్పింది. 2025 జనవరిలో ఇవాన్ రతినం కేసులోనూ అదే దారి. పెళ్లయిన స్త్రీ విషయంలో ఈ తీర్పులు గొప్ప రక్షణ. అనుమానం అనే జబ్బుకు ప్రైవేటు ల్యాబుల ప్రకటనలు తోడైన ఈ రోజుల్లో ఆ రక్షణ అవసరం మరింత పెరిగింది.

కాని ఆ గొడుగు ఎవరికి? పెళ్లి అనే గడప లోపల ఉన్నవాళ్లకు. కులం తన స్త్రీలను కులంలోనే పెళ్లి చేసి, ఆ పెళ్లిలో పుట్టిన బిడ్డకే తండ్రి పేరు, పొలం, పరువు ఇస్తుంది. గడప బయట దళిత స్త్రీ దగ్గర అదే కులపు మగవాడు పొందే పొందుకు లెక్కాపత్రం ఉండదు. కుల వ్యవస్థ ప్రాణం స్త్రీల మీది అదుపులో ఉందని అంబేడ్కర్ 1916లోనే, పాతికేళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో విశ్లేషించారు. పాలమూరు ప్రాంతంలో పుట్టినవాళ్లకు దీన్ని పుస్తకాల్లో వెతుక్కోవలసిన పని లేదు. జోగినీలను చూశాం. దేవత పేరున ఊరి పెద్దలకు అంకితమైన మాదిగ, మాల ఆడపిల్లలు, వాళ్ల పిల్లల బడి రిజిస్టర్లలో ఖాళీగా ఉండిపోయిన తండ్రి గడులు. ఊరందరికీ తండ్రెవరో తెలుసు. రిజిస్టరుకు మాత్రం తెలియదు. దేవదాసీ అంకిత నిషేధ చట్టం 1988లో వచ్చింది. అది ఆచారాన్ని నేరమన్నది గాని ఆ గడిని పూరించలేదు. పక్కనున్న కర్ణాటక 2025లో ఆమోదించిన దేవదాసీ చట్టంలో ఆ పిల్లలకు తండ్రి ఎవరో తేల్చుకునే హక్కు ఇచ్చింది. తండ్రి పేరు చెప్పమని వాళ్లను బలవంతపెట్టకూడదనీ అన్నది. రెండూ ఒకే చట్టంలో ఉండటం నాకు నచ్చింది.

కాబట్టి పరీక్ష వద్దనడం ఒక స్త్రీకి కవచమైతే, పరీక్ష కావాలనడం మరొక స్త్రీకి ఆయుధం. "రక్తం ఇయ్యకు, ఇస్తే ఇరుక్కుంటవ్" అని ఆమెకు ఎవరో చెప్పారట. టీవీలో చూసిన ఏదో తీర్పు గురించి విని చెప్పి ఉంటారు. ఆమెకు ఆ సలహా విషం. అతడు తనకు పరిచయమే లేదంటున్నాడు. పెళ్లి లేదంటున్నాడు. పెళ్లి లేదన్నది అతడి మాటే అయినప్పుడు 116వ సెక్షను చాటున అతడు దాక్కోలేడు. ఇంకో విచిత్రం చూడండి. తాను తండ్రిని కానని ప్రకటించమని కోరిన ఆ 42 పుటల్లో, నా రక్తం పరీక్షించండి అన్న మాట ఎక్కడా లేదు. అందుకే కౌంటర్‌లో మొదట రాయాల్సింది ఇదని తేల్చుకున్నాం. నేనూ నా బిడ్డా పరీక్షకు సిద్ధంగా ఉన్నాం, పిటిషనరుకు కూడా ఆదేశించండి, ఖర్చు భరించే స్తోమత నాకు లేదు. అలాంటి పరీక్షకు ఆదేశించే అధికారం కోర్టుకు ఉందని 2003లోనే శారద కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆదేశించాక నిరాకరిస్తే దాన్ని బట్టి అతడికి వ్యతిరేకంగా ఊహించుకునే స్వేచ్ఛా కోర్టుకు ఉంది.

ఆ తర్వాత పేరా వెంట పేరాకు జవాబు. ఏది ఒప్పుకుంటున్నాం, ఏది ఖండిస్తున్నాం, ఏది మాకు తెలియదు. నాలుగో పేరా అబద్ధం, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా గదిలో కలిసి ఉన్నాం, అద్దె అతడే కట్టాడు. కాన్పు నాడు ఆసుపత్రిలో ఆపరేషను అంగీకార పత్రం మీద ‘భర్త’ అన్న చోట సంతకం చేసింది అతడే. ఈ ఒక్క సంతకం సంగతి ఆమె మాటల మధ్యలో, పెద్ద విషయం కాదన్నట్టు చెప్పింది. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆ పత్రం నకలు కోసం ఆసుపత్రికి దరఖాస్తు రాశాం. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించమని మరో దరఖాస్తు. తొమ్మిదో పేరాకు జవాబు ఆమే చెప్పింది, నేను రాశాను: "నేను ఎవరినీ ఏ కేసుతోనూ బెదిరించలేదు. నా కులం నాకు తెలుసు, ఆయనకూ మొదటి నుంచి తెలుసు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఆయన చెప్పిన అడ్డంకి అదే." ఈ మూడు వాక్యాలు ఏ వకీలూ రాయలేడని నాకు సలహా ఇచ్చిన వకీలే అన్నారు.

చివరగా ఒక పేరా. ఇది వివాదంలో అవసరం లేదని మరో వకీలు వాదించారు. నేను పట్టుబట్టాను. ఆమె గెలిస్తే ఏమవుతుంది? బిడ్డ తండ్రి ఫలానా అని కోర్టు తేలుస్తుంది. ఆ తండ్రిది పై కులం. పదేళ్ల తర్వాత ఆ పిల్లవాడు కుల ధ్రువీకరణ పత్రం కోసం మండల కార్యాలయానికి వెళ్తే, ఇదే తీర్పు చూపి నీ తండ్రి కులమే నీ కులం అంటే? తల్లి గెలుపు కొడుకు పాలిట ఉరి అవుతుంది. ఇది ఊహ కాదు. సిద్దిక్‌నగర్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 2016 జనవరి 17న అక్కడ రోహిత్ వేముల చనిపోయాక ఈ రాజ్యం వేసిన ప్రశ్నల్లో అన్నిటికన్నా పెద్దది, అతడిని ఏ పరిస్థితులు చంపాయన్నది కాదు. అతడి తండ్రిది ఏ కులం అన్నది. తాను మాల కులంలో పుట్టాననీ, వడ్డెర భర్త నుంచి విడిపోయి పిల్లలను తానే పెంచాననీ రాధిక ఎంత చెప్పినా, రూపన్‌వాల్ కమిషన్ అతడు షెడ్యూల్డు కులస్థుడు కాదన్నది. 2024 మేలో బయటికొచ్చిన పోలీసుల ముగింపు నివేదిక కూడా అదే పాట పాడింది. నిరసనలు వచ్చాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. తండ్రి బాధ్యత అడిగినప్పుడు దొరకని తండ్రి, రిజర్వేషన్ తీసేయాల్సి వచ్చినప్పుడు మాత్రం వెంటనే దొరుకుతాడు.

అదృష్టవశాత్తు 2012 జనవరిలో రమేశ్‌భాయ్ దభాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. గుజరాత్‌లో ఆదివాసీ తల్లికి, పై కులపు తండ్రికి పుట్టినవాడి పత్రాన్ని రద్దు చేశారు. తండ్రి కులమే బిడ్డ కులమన్నది ఒక ప్రాథమిక భావన మాత్రమేననీ, ఆ బిడ్డ తల్లి సమాజంలో పెరిగి, ఆ సమాజపు అవమానాలను, లేమిని అనుభవించి ఉంటే దాన్ని నిరూపించుకోవచ్చుననీ కోర్టు తేల్చింది. నిరూపించుకోవాలంటే రికార్డు కావాలి. అందుకే కౌంటర్ చివరి పేరాలో ఇలా రాశాం. పుట్టినప్పటి నుంచి బిడ్డను తానొక్కతే, తన తల్లి సాయంతో, తన మాదిగ వాడలో, తన చుట్టాల మధ్య పెంచుతున్నానని. ఈ వాక్యం ఇవాళ్టి కేసుకు కాదు. పదేళ్ల తర్వాత ఒక తహసీల్దారు అడగబోయే ప్రశ్నకు జవాబు.

నా మిత్రురాలొకరు, స్త్రీవాద రచయిత్రి, నా మీద కోప్పడ్డారు. ఆ మగవాడి పేరు కోసం ఇంత దేబిరింపు ఎందుకు? పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పలేదా, పాస్‌పోర్టుకు తల్లి పేరు చాలని 2016లో నిబంధన మార్చలేదా అని అడిగారు. నిజమే, ఆ హక్కు విలువైనది. ఎవరైనా ఆ గడిని తమ ఇష్టంతో ఖాళీగా వదిలితే అది స్వేచ్ఛ. అవతలివాడు తన పెళ్లికి అడ్డొస్తుందని కోర్టుకెక్కి ఆ గడిని తుడిపించబోతే దాన్ని స్వేచ్ఛ అనలేం, అది బాకీ ఎగవేత. పెళ్లి లేకున్నా బిడ్డకు మనోవర్తి హక్కు పాత 125వ సెక్షనులో ఉండేది, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షనులోనూ ఉంది. తండ్రి పేరు పోతే ఆ హక్కు కూడా పోతుంది. ఆరేళ్ల పిల్లవాడి అన్నం, ఫీజు, మందులు అందులో ఉన్నాయి. బాకీ వసూలు చేసుకోవాలా, మాఫీ చేయాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. నేను గాని నా మిత్రురాలు గాని కాదు.

తప్పుడు ఆరోపణలకు గురైన మగవాళ్ల సంగతేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కూడా దిక్కు ఆ పరీక్షే. నిర్దోషికి అది భయపడాల్సిన పని కాదు. వాళ్లలోనూ వకీలును పెట్టుకోలేని పేదలున్నారు, ముప్పై రోజుల గడువు వాళ్లనూ మింగుతుంది. నేను అడిగేవి వాళ్లకూ పనికొస్తాయి.

అడిగేవి పెద్దవేం కాదు. పితృత్వం, మనోవర్తి కేసుల్లో వెళ్లే ప్రతి సమన్ల మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు మాటలు అచ్చు వేయండి: ఇన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే ఇది జరుగుతుంది, నీకు వకీలును ఉచితంగా ఇస్తాం, ఈ నంబరుకు ఫోన్ చెయ్యి. దీనికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు, హైకోర్టు ఒక సర్క్యులరు ఇస్తే చాలు. ఇంగ్లిషు పిటిషను వెంట తెలుగు అనువాదం జతచేసే భారం దాఖలు చేసినవాడి మీదే పెట్టండి, గడువును ఆ అనువాదం అందిన రోజు నుంచి లెక్కించండి. హైటెక్ సిటీ కారిడార్‌లో వేలమంది స్త్రీలు చీపుళ్లు, ట్రేలు, టిఫిను డబ్బాలు పట్టుకొని రాత్రి పగలు తిరుగుతున్న చోట, సాయంత్రం ఏడు తర్వాత తెరిచి ఉండే న్యాయ సహాయ కేంద్రం ఒకటి పెట్టండి. పగలు పది నుంచి ఐదు దాకా తెరిచే కేంద్రానికి రావాలంటే ఆమె ఒక రోజు కూలి వదులుకోవాలి. న్యాయ సహాయం ఉచితమే గాని దాని దగ్గరికి వెళ్లడం ఉచితం కాదు.

ఎల్బీనగర్‌లోని జిల్లా కోర్టుల సముదాయానికి వెళ్లిన రోజున అది నాకు బాగా తెలిసొచ్చింది. రాయదుర్గంలో నీలం లైను మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో దిగి ఎరుపు లైనుకు మారాలి. మారకుండా అదే రైల్లో కూర్చుంటే హబ్సిగూడ, ఉప్పల్ వస్తాయి. ల్యాబులు అటు. కోర్టు ఇటు. ఆమె మెట్రో ఎక్కడం అదే మొదటిసారి. రోజూ ఆ స్టేషను ముందు నుంచే పనికి నడిచి వెళ్తుంది.

ఇరవై ఎనిమిదో రోజు కౌంటర్ దాఖలైంది. సంతకం ఆమెదే, తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా. న్యాయ సేవల సంస్థకు దరఖాస్తు కూడా అదే రోజు ఇచ్చాం. గుమస్తా కాగితాలు తిరగేసి "వకీలు ఎవరు?" అని అడిగాడు. "ఇంకా ఇయ్యలే సార్. ఇస్తమన్నరు" అన్నది. ముద్ర వేసి వాయిదా తేదీ చెప్పాడు. ఆరు వారాల తర్వాత. ఆమె ఆ తేదీని చేతి మీద పెన్నుతో రాసుకుంది. షిఫ్టు మార్చమని మేస్త్రీని ఇప్పటి నుంచే అడగాలట.